రెండు రెక్కలూ కలిపి ఎత్తని పిట్ట

ఒకప్పుడు లిట్సి పిట్ట పరిగెత్తి ఆగితే ఊరికే ఆగేది. రెక్క కదిపేది కాదు.

ఇప్పుడు వెళ్ళి చూడండి. ఆఫ్రికాలో, ముళ్ళ తుమ్మలూ పొట్టి గడ్డీ ఉన్న చోట కనిపిస్తుంది. మన గోరింకంత ఉంటుంది. వీపు బూడిద రంగు. తెల్లటి రొమ్ము నిండా నల్లటి చుక్కలు, ఎవరో తడి వేళ్ళతో మసి అద్దినట్టు. గబగబా పరిగెడుతుంది. టక్కున ఆగుతుంది. నిటారుగా నిలబడుతుంది. అప్పుడు ఒక రెక్క కొంచెం ఎత్తి దించుతుంది. తర్వాత రెండో రెక్క ఎత్తి దించుతుంది. మళ్ళీ పరుగు.

ఎందుకలా అంటే తలా ఒకటి చెబుతారు. పురుగుల్ని బెదరగొట్టడానికని ఒకరు, ఒంటికి గాలి తగలడానికని ఒకరు. చెప్పుకోనివ్వండి. అసలు సంగతి ఇది.

ఆ రోజుల్లో ఆ అడవిలో ఒక కట్టుబాటు ఉండేది. గూటిని ఒక్కరే కాచుకోలేరు కదా. తిండికి పోవాలి, నీళ్ళకు పోవాలి. అందుకని పిట్టలు గుంపులు కట్టి, ఒకరి గూటికోసం ఒకరు కేక వేసేవి. డేగ వస్తే ఆ గుంపులో ఎవరు చూసినా కేక వేయాలి. కేక విన్నవాళ్ళంతా వచ్చి మీద పడాలి. డేగను తరిమేదాకా వదలకూడదు.

అందుకే రెండు పిట్టలు ఎదురుపడితే "బాగున్నావా?" అనేవి కావు. "ఎవరి కేకలో ఉన్నావు?" అనేవి.

కేకలు రెండే. ఒకటి నేల కేక. గడ్డిలో, మట్టిలో బతికేవాళ్ళది. రెండోది కొమ్మ కేక. చెట్లనూ చెట్ల నీడనూ నమ్ముకున్నవాళ్ళది.

ఏటా వానలకు ముందు పిట్టలన్నీ పెద్ద చెదపుట్ట దగ్గర చేరేవి. పుట్ట మీదికి డుమ్ తాత ఎక్కేవాడు. ఆయన కొమ్ముముక్కు పిట్ట. కోడిపుంజుకు రెండింతలుంటాడు. నల్లటి ఒళ్ళు, ఎర్రటి గొంతు తిత్తి, గేదె దూడకు ఉన్నట్టు పొడుగాటి కనురెప్పలు. గొంతు విప్పితే డప్పు మోగినట్టే.

"డుమ్! నేలవాళ్ళు ఎడమ రెక్క ఎత్తండి! డుమ్! కొమ్మవాళ్ళు కుడి రెక్క ఎత్తండి!"

ఎవరి రెక్క వాళ్ళు ఎత్తేవారు. తాత కనురెప్పలు టపటపలాడించి అందరినీ చూసి, "సరే" అనేవాడు. ఆ ఏడాదికి అంతే. ఎవరి కేక వాళ్ళది.

మరి రెండు రెక్కలూ కలిపి ఎత్తితే? అలా ఎత్తేవి కొంగలూ, దూరదేశాలు పోయే పిట్టలూ. "మేం ఈ అడవి వదిలి పోతున్నాం, మమ్మల్ని ఏ కేకలోనూ కలపకండి" అని దానికి అర్థం.

ఈ సంగతి లిట్సికి తెలీదు. ఎవరూ చెప్పలేదు.

ఏటి ఒడ్డు అడవి తగలబడిన ఏడాది పుట్టింది అది. చుట్టూ మసి. దాక్కోవడానికి ఆకన్నది లేదు. దాని తల్లి ఆ మసి నేల మీదే పరిగెత్తడం నేర్పింది, ఆగడం నేర్పింది, మెడ నిక్కించి చూడటం నేర్పింది. మనం ఫలానావాళ్ళమని చెప్పేలోపే ఆ తల్లిని డేగ ఎత్తుకుపోయింది.

లిట్సి పెద్దదయింది. తనలాగే మసి నేల మీద పెరిగిన ఒక మగపిట్టతో జత కట్టింది. మొదటిసారి పుట్ట దగ్గరికి ఇద్దరూ వచ్చారు.

"ఎటు ఎత్తుదాం?" అన్నాడు మొగుడు.

"తిండి నేల మీద తింటాం. గూడు చెట్టు మీద కడతాం. ఉన్నదున్నట్టు చెప్పాలి కదా" అని లిట్సి రెండు రెక్కలూ ఎత్తింది. దాన్ని చూసి మొగుడూ ఎత్తాడు.

డుమ్ తాత మొహం మెత్తబడింది. "వెళ్ళొస్తారా అమ్మా? క్షేమంగా వెళ్ళండి" అన్నాడు.

"వెళ్ళిరండి! వెళ్ళిరండి!" అన్నాయి పిట్టలన్నీ.

ఇక్కడివాళ్ళు ఇలా పలకరించుకుంటారు కాబోలు అనుకుంది లిట్సి. "అలాగే, వస్తాం" అని మర్యాదగా చెప్పి, వచ్చి తుమ్మ చెట్టు పంగలో గూడు కట్టింది. గుడ్లు పెట్టింది.

ఒక పొద్దున పసుపు మొహం డేగ వచ్చింది. దానికి కాళ్ళు పొడుగు. ఎంత లోతు గూట్లోనైనా కాలు పెట్టి తీస్తుంది. లిట్సి పురుగు పట్టుకుని తిరిగొచ్చేసరికి గూడు తలకిందులుగా వేలాడుతోంది. లోపల పెంకు ముక్కలు.

పక్క కొమ్మ మీద పిట్టలు కూర్చుని ఉన్నాయి. కింద గడ్డిలో పిట్టలు తిరుగుతున్నాయి.

"మీరంతా ఇక్కడే ఉన్నారు కదా! ఒక్క కేకైనా వేయలేదేం?" అని ఏడ్చింది లిట్సి.

"నువ్వు వెళ్ళిపోయావుగా!" అన్నాయవి.

"ఇక్కడే ఉన్నానే!"

"ఉన్నావమ్మా. కాదనడం లేదు. కానీ వెళ్ళిపోయావు."

లిట్సికి ఒక్క ముక్కా అర్థం కాలేదు. తర్వాత ఎవరో రెక్కల సంగతి విడమరచి చెప్పారు. అప్పుడు అర్థమైంది కానీ, అప్పటికి గుడ్లు లేవు.

*

మరుసటి ఏడు వచ్చింది. గాలిలో తడి వాసన మొదలైంది. లిట్సి కడుపులో మళ్ళీ గుడ్లు కదులుతున్నాయి.

"ఈసారి ఒక్క రెక్కే ఎత్తుదాం" అంది మొగుడితో.

"ఏది?"

"అదే తెలియడం లేదు."

"నాకూ తెలీదు. నువ్వెటంటే అటు" అన్నాడు మొగుడు. ఆయన ఎప్పుడూ అంతే.

లిట్సి ముందు ఏటి ఒడ్డుకు పోయింది. అక్కడ మంటలు తాకని దట్టమైన చెట్లు కొన్ని మిగిలాయి. వాటి కింద త్రష్ పిట్టలుంటాయి. నారింజ రంగు ముక్కులు. రాలిన ఆకుల్ని ముక్కుతో అటూ ఇటూ విసిరేసి, అడుగున పురుగుల్ని ఏరుకుంటాయి. వాళ్ళలో పెద్దదాన్ని అందరూ ఆకులత్త అంటారు. వాళ్ళది కొమ్మ కేక.

"అత్తా, నేను మీదాన్నేనా? చూసి చెప్పు" అంది లిట్సి.

ఆకులత్త దాని చుట్టూ తిరిగింది. "ముక్కు పరవాలేదు. కళ్ళు పరవాలేదు. ఈ చుక్కలేంటే తల్లీ?"

"పుట్టినప్పటినుంచీ ఉన్నాయత్తా."

"మా పిల్లలకూ ఉంటాయి. పెద్దయితే పోతాయి. నీకింకా పోలేదేం? అంటే నువ్వు చిన్నపిల్లవా?"

"గుడ్లు పెట్టబోతున్నానత్తా."

"చిన్నపిల్లవై ఉండి గుడ్లు పెడతావా!"

"చిన్నపిల్లను కాదత్తా."

"మరి చుక్కలున్నాయిగా!"

అత్త తల విదిలించుకుంది. "ఉండు, ఉండు. ఈ ఆకు తిరగెయ్యి చూద్దాం."

లిట్సి ఆకును ముక్కుతో పట్టి అవతల పారేసింది. కింద పురుగు. గుటుక్కున మింగింది.

"ఇంకేం! మాదానివే!" అంది అత్త. చుట్టూ ఉన్న త్రష్‌లన్నీ సంబరపడ్డాయి.

లిట్సికి పట్టలేని సంతోషం వేసింది. ఆ సంతోషంలో గబగబా పరిగెత్తి, ఆగి, నిటారుగా నిలబడింది.

అత్త మొహం మారిపోయింది. "అదేంటి ఆ నడక? పెళ్ళికొడుకులా ఆ నిలబడటమేంటి? మావాళ్ళు వంగి ఉంటారు. గెంతుతారు. నువ్వూ గెంతు."

లిట్సి రెండు కాళ్ళూ కూడదీసి గెంతింది. ఆకుల్లో బోర్లా పడింది. మళ్ళీ గెంతింది. ఈసారి పక్కకు పడింది.

"లాభం లేదమ్మా" అంది అత్త జాలిగా. "ఎండలో, బయలు నేల మీద పరుగులు పెట్టేవాళ్ళు మాలో ఎవరూ లేరు. వెళ్ళి గడ్డిలో అడుగు. అక్కడ నీవాళ్ళుంటారు."

లిట్సి గడ్డిలోకి పోయింది. అక్కడ బురుత పిట్టలుంటాయి. గడ్డి రంగులోనే ఉంటాయి, తొక్కబోయేదాకా కనిపించవు. వాటి పెద్ద గడ్డిమామ. వాళ్ళది నేల కేక.

"మామా, నేను మీదాన్నేనా?"

"పరిగెత్తు" అన్నాడు గడ్డిమామ.

పరిగెత్తింది.

"ఆగు."

ఆగింది.

"చూశార్రా ఆ ఆగడం! రొమ్ము మీద చుక్కలు చూశార్రా! మన మేనకోడలే!" అని గడ్డిమామ గాల్లోకి లేచి ఒక పాట పాడి దిగాడు. "అది సరే, గూడు ఎక్కడ పెడుతున్నావు తల్లీ?"

"తుమ్మ చెట్టు పంగలో."

బురుత పిట్టలు నవ్విన నవ్వుకు దుమ్ము లేచింది.

"పంగలోనా! గాలికి పడిపోదూ? గూడంటే నేల మీద, గడ్డి దుబ్బు పక్కన."

"నేల మీద పెడితే అడవి గేదెలు తొక్కవా మామా?"

"తొక్కుతాయి. మన అదృష్టం బాగుంటే పక్కన తొక్కుతాయి." గడ్డిమామ దగ్గరికి జరిగి మెల్లగా అన్నాడు. "చూడమ్మా. కింద పెడతానని చెప్పు. ఇప్పుడే మా కేకలో కలిపేస్తాం. నీ గూటి జోలికి ఏది వచ్చినా గడ్డి మొత్తం అరుస్తుంది."

గడ్డి మొత్తం అరుస్తుంది! ఆ మాటకు లిట్సి కళ్ళు చెమర్చాయి. గడ్డి దుబ్బు పక్కన ఒదిగి కూర్చుంది. కాళ్ళు ముడుచుకుంది. ఇదే నా గూడు అనుకోడానికి గట్టిగా ప్రయత్నించింది.

అంతలో నేల అదిరింది. అడవి గేదె ఒకటి మేస్తూ వచ్చి దబ్బున గిట్ట వేసింది. లిట్సి తోక పక్కనే.

"ఏం పిట్టా, అక్కడున్నావా? కనపళ్ళేదు" అంది గేదె నములుతూ.

లిట్సి లేచి నిలబడింది. "నావల్ల కాదు మామా" అంది.

"అయితే చెట్లవాళ్ళనే అడుగు" అన్నాడు గడ్డిమామ. ఆయనకూ బాధగానే ఉంది.

*

పుట్ట దగ్గర పిట్టలన్నీ చేరాయి. ఆకాశం ఒక పక్క నల్లబడుతోంది.

"డుమ్! నేలవాళ్ళు ఎడమ రెక్క! డుమ్! కొమ్మవాళ్ళు కుడి రెక్క!"

లిట్సి కళ్ళు మూసుకుని ఎడమ రెక్క ఎత్తింది.

"చెట్టు మీద గూడు కట్టే నేలపిట్ట ఎక్కడైనా ఉందా?" అని బురుత పిట్టలు గోల చేశాయి.

దించేసి కుడి రెక్క ఎత్తింది.

"గెంతడం రాని కొమ్మపిట్ట ఎక్కడైనా ఉందా?" అని త్రష్‌లు గోల చేశాయి.

మళ్ళీ ఎడమ. మళ్ళీ కుడి. పక్కన మొగుడు దాన్నే చూస్తూ, అది ఏది ఎత్తితే అది ఎత్తుతున్నాడు. కాకపోతే కొంచెం ఆలస్యంగా. అది ఎడమ ఎత్తేసరికి ఆయన కుడిలో ఉన్నాడు.

డుమ్ తాతకు కళ్ళు తిరిగాయి. "ఆపండి! తలా ఒక వైపు అంటున్నారు. అసలేమిటి సంగతి?"

ఆకులత్త ముందుకొచ్చింది. "తాతా, ఆకు తిప్పడం చూస్తే మాదే. నడక మాది కాదు."

గడ్డిమామ ముందుకొచ్చాడు. "తాతా, నడక మాదే. గూడు మాది కాదు."

"గూడు మాదే" అంది అత్త.

"అయితే నువ్వే ఉంచుకో."

"నడక నీదన్నావుగా, నువ్వే ఉంచుకో!"

"సగం సగం ఎలా ఉంచుకుంటాం?"

"దాని పాట వినండి. పాటను బట్టి తేల్చవచ్చు" అన్నాడు తాత.

లిట్సి పాడింది. "లిట్-సిట్-సి-రుప్పా! లిట్-సిట్-సి-రుప్పా!"

అత్త అటు చూసింది. మామ ఇటు చూశాడు. అది ఎవరి పాటా కాదు.

అప్పుడు ఎండు కొమ్మ మీదనుంచి పగలబడి నవ్వు వినిపించింది. కత్తెరతోక నవ్వుతున్నాడు. నల్లగా నిగనిగలాడే ఒళ్ళు, చీలిన తోక. మన పొలాల్లో పశువుల వీపుల మీద ఎక్కి తిరిగే పసులపోలిగాడికి దగ్గర చుట్టం. ఆ అడవిలో ఏ కేకలోనూ లేనివాడు వాడొక్కడే. వాడికి అందరి గొంతులూ వచ్చు. ఎవరైనా పురుగు పట్టుకుంటే చాలు, "డేగ! డేగ!" అని వాళ్ళ గొంతుతోనే అరిచేవాడు. వాళ్ళు పురుగు వదిలేసి పారిపోతే వాడు తినేవాడు. అందుకని వాణ్ణి అన్ని కేకలనుంచీ వెలివేశారు.

"తాతా, నాదొక సందేహం" అన్నాడు కత్తెరతోక. "నువ్వు పగలంతా నేల మీద నడుస్తావు. పిల్లల్ని చెట్టు తొర్రలో పెంచుతావు. నువ్వెవరి కేకలో ఉన్నట్టు?"

అందరూ తాత వైపు చూశారు.

తాత కనురెప్పలు టపటపలాడించాడు. "నేను అడిగేవాణ్ణిరా. అడిగేవాణ్ణి ఎవరూ అడగరు."

"అయితే లిట్సిని కూడా అడిగేదాన్ని చెయ్యండి. పీడా పోతుంది!"

తాత మండిపడి నోరు తెరిచేలోపు ఆకాశం ఫెళ్ళుమంది. టపటపా చినుకులు. పుట్ట కన్నాలన్నీ తెరుచుకుని ఉసుళ్ళు బిలబిలా పైకి లేచాయి. ఏడాదికోసారి వచ్చే విందు. ఇక ఎవరు ఆగుతారు? పిట్టలన్నీ ఎగిరాయి. అత్త ఎగిరింది. మామ ఎగిరాడు. తాత కూడా ఒక ముక్కెడు ఉసుళ్ళు పట్టాడు.

"తాతా! మరి నా సంగతి?" అంది లిట్సి.

"వచ్చే ఏడు చూద్దామమ్మా" అన్నాడు తాత, నోటి నిండా ఉసుళ్ళతో.

"గుడ్లు వచ్చే ఏటిదాకా ఆగవు తాతా!"

తాతకు వినిపించలేదు. వాన జోరందుకుంది.

*

వాన వెలిశాక లిట్సి గూటి కోసం చెట్లన్నీ వెతికింది. కొమ్మ కేకవాళ్ళున్న చెట్ల దగ్గర "ఎవరి కేకలో ఉన్నావు?" అన్నారు. లిట్సి ముందుకు పోయింది. చివరికి బయలు నేల మధ్య ఒంటరి తుమ్మ చెట్టొకటి కనిపించింది. ఎవరూ ఏమీ అడగలేదు. పుల్లా పీచూ తెచ్చి పంగలో పేర్చింది.

"ఆ పుల్ల వంకరగా ఉంది" అని పైనుంచి గొంతు.

చూస్తే, కత్తెరతోక గూడు. ఆ చెట్టు దగ్గరికి ఎవరూ ఎందుకు రాలేదో లిట్సికి అప్పుడు తెలిసింది.

"నువ్వు అడగవా, ఎవరి కేకలో ఉన్నావని?" అంది.

"నన్నెవరూ అడగరు. నేనూ ఎవర్నీ అడగను. పురుగులు మాత్రం జాగ్రత్తగా తిను. నా అలవాట్లు నీకు తెలుసు."

తెలిసి లాభమేముంది? మర్నాడు పొద్దున్నే లిట్సి లావుపాటి గొంగళిపురుగును పట్టింది. "డేగ! డేగ!" అని లిట్సి మొగుడి గొంతుతో కేక వినిపించింది. లిట్సి పురుగు వదిలేసి గూటికి పరిగెత్తింది. డేగ లేదు. వెనక్కి చూస్తే కత్తెరతోక పురుగు నములుతున్నాడు.

"సిగ్గులేదూ?" అంది లిట్సి.

"ఉంది. ఆకలి కూడా ఉంది" అన్నాడు వాడు.

ఇలాగే రోజులు గడిచాయి. గూట్లో గుడ్లు చేరాయి. మొగుడు నీళ్ళకు పోయిన ఒక పూట, చెట్టుకు కాస్త దూరంలో లిట్సి మరో పురుగు పట్టింది. పట్టీ పట్టగానే మళ్ళీ కేక.

"డేగ! డేగ!"

లిట్సి ఆగిపోయింది. నిజమా? అబద్ధమా? గూటివైపు చూద్దామంటే ఎదురెండ. చెట్టు నల్లటి ముద్దలా కనిపిస్తోంది, అంతే. దూరంగా గడ్డిలో బురుత పిట్టలు తల కూడా ఎత్తలేదు. "వాడేలే" అనుకున్నాయి. ఏటి ఒడ్డున త్రష్‌లు ఆకులు తిప్పుతూనే ఉన్నాయి. "వాడేలే" అనుకున్నాయి.

వాడే. కానీ వాడు ఈసారి మొగుడి గొంతుతో అరవడం లేదు. అత్త గొంతూ కాదు, మామ గొంతూ కాదు. గరగరలాడే ఆ గొంతును లిట్సి ఎన్నడూ వినలేదు. ఎవరి గొంతిది?

వాడి సొంత గొంతు! అని తట్టింది లిట్సికి.

పురుగు వదిలేసి పరిగెత్తింది, ఎగిరింది. పసుపు మొహం డేగ కొమ్మను పట్టుకుని ఉంది. పొడుగు కాలు గూట్లోకి చాస్తోంది. కత్తెరతోక దాని నడినెత్తి మీద పొడుస్తున్నాడు, లేస్తున్నాడు, మళ్ళీ పొడుస్తున్నాడు.

లిట్సి తిన్నగా గూట్లో దూకింది. రెండు రెక్కలూ కిందికి చాచి గుడ్లను కప్పేసింది. డేగ కాలు దాని వీపు మీద పడింది. ఈకలు ఊడాయి. లిట్సి కదల్లేదు. "లిట్-సిట్-సి-రుప్పా!" అని గొంతు చించుకుని అరిచింది.

ఆ కేక అడవికి కొత్త. గడ్డిమామ తలెత్తాడు. "అది లిట్సి గొంతు. అది అబద్ధాలాడదే!" అన్నాడు. ఏటి ఒడ్డున ఆకులత్త ఆకు వదిలేసింది. ఎవరి కేకో ఆలోచించడానికి ఎవరికీ తీరిక లేకపోయింది. ఇటునుంచి బురుత పిట్టలు, అటునుంచి త్రష్‌లు వచ్చి డేగ మీద పడ్డాయి. డేగ కాలు వెనక్కి లాక్కుని, ఒక తోక ఈక అక్కడే వదిలి, ఏరు దాటి పోయింది.

అందరూ ఆయాసపడుతూ గూటి చుట్టూ చేరారు. లిట్సి మెల్లగా లేచింది. గుడ్లు అలాగే ఉన్నాయి. లేత నీలం మీద ఎర్రమట్టి చిమ్మినట్టు మరకలు.

ఆకులత్త వంగి చూసి నోరు తెరిచింది. "అయ్యో, ఇవి మా గుడ్లలాగే ఉన్నాయే! నువ్వు మా చిన్నమ్మ వైపుదానివేమోనే తల్లీ!"

"మరి ఆ పరుగు?" అన్నాడు గడ్డిమామ.

"అదే అర్థం కావడం లేదు."

డుమ్ తాత అప్పటికి నడుచుకుంటూ వచ్చాడు. సంగతంతా విన్నాడు. తలెత్తి, "ముందు కేక వేసిందెవరు?" అన్నాడు.

"నేనే తాతా" అన్నాడు కత్తెరతోక. వాడి గొంతు ఇంకా గరగరమంటోంది. "నాకు ఎటూ పుణ్యం లేదు. మొహమాటపడకండి."

"ఈమె నీకేమవుతుందిరా?"

"ఏమీ కాదు. మా చెట్టు మీద ఉంటుంది, అంతే."

తాత కనురెప్పలు టపటపలాడించాడు. అందరూ వచ్చారు. అందరూ అరిచారు. ఇది నేల కేకా? కొమ్మ కేకా? తన ఎరుకలో ఇలాంటిది లేదు. కానీ అడగడం ఆయన పని. అడగకుండా ఇంటికి పోతే ఆయనకు నిద్ర పట్టదు.

"చూడమ్మా. నీకోసం ఎవరు కేక వేసినా ఇకనుంచి అందరూ వస్తారు. అది అయిపోయింది. కానీ నువ్వెటో మాత్రం తేలాలి. ఇప్పుడు చెప్పు."

లిట్సి కిందికి దిగింది. నిటారుగా నిలబడింది. బురుత పిట్టల్ని చూసి ఎడమ రెక్క కొంచెం ఎత్తింది. త్రష్‌లను చూసి అది దించి, కుడి రెక్క ఎత్తింది.

"మళ్ళీ మొదలు!" అన్నాడు తాత. "సరే, నింపాదిగా ఆలోచించుకో. నేనూ వదిలేవాణ్ణి కాను. నువ్వు ఎక్కడ ఆగితే అక్కడ అడుగుతాను."

అన్నట్టే అడిగాడు. లిట్సి పరిగెత్తి ఆగేసరికి, ఏ తుప్ప వెనకనుంచో "డుమ్! ఎటు?" అని వినిపించేది. అడగకముందే జవాబు చెప్పేస్తే పని అయిపోతుందని లిట్సి, ఆగీ ఆగగానే ఒక్కో రెక్కా ఎత్తి చూపించడం అలవాటు చేసుకుంది. గుడ్లు పగిలి పిల్లలొచ్చాయి. తల్లిని చూసి అవీ నేర్చుకున్నాయి. మొగుడు కూడా నేర్చుకున్నాడు, కొంచెం ఆలస్యంగా.

అప్పటినుంచే ఆ చుక్కల పిట్ట ఎక్కడ ఆగినా ఒక రెక్క ఎత్తి దించి, ఆపైన రెండోది ఎత్తుతుంది. అప్పటినుంచే అది గూడు కట్టబోయే ముందు కత్తెరతోక గూడు ఎక్కడుందో వెతుక్కుంటుంది. పిట్టల్ని వరసపెట్టి పేర్లు రాసే పెద్దలు ఇప్పటికీ దాన్ని ఒకసారి త్రష్‌లలో కలుపుతారు, ఒకసారి విడిగా కూర్చోబెడతారు, మళ్ళీ తెచ్చి కలుపుతారు. ఆకులత్త వాళ్ళ చిన్నమ్మ వైపు చుట్టమని ఇప్పటికి అనుకుంటున్నారు. రేపేమంటారో తెలీదు.

పిట్ట మాత్రం అడిగిన ప్రతిసారీ ఓపిగ్గా చెబుతుంది. ఇటు. అటు. రెండూ కలిపి మాత్రం ఎత్తదు. ఎత్తితే వెళ్ళిపోతున్నానని అర్థం. లిట్సి ఎక్కడికీ వెళ్ళడం లేదు.